పెరటి ముచ్చటలు: పొట్టి నూఱువరహాల పొద

గోదావరీతీరమందలి యొక పట్టణమునుండి సోదరి యొకరు గత మాసమున మాకు జాబు వ్రాసినారు. అందు మొక్కనుగూర్చిన ప్రశ్న నాలుగు పంక్తులు; తక్కిన రెండు పుటలును ఇంటి సంగతులు. సంబంధము లేని మాటలు వ్రాసితినని వారు క్షమాపణ గూడ చెప్పుకొనిరి. కాని జాబు ముగించునప్పటికి రెండును ఒకటియే యని మాకు తోచినది. అందుచే ఈ నెల సొరపాదుల సంగతి ప్రక్కకు బెట్టి, ఈ సోదరికి బదులు వ్రాయుచున్నాము.

వారి యింటి వీధిమెట్లకు ఇరుప్రక్కల రెండు పొట్టి నూఱువరహాల మొక్కలు కలవు. పదునొకండు సంవత్సరముల క్రిందట వారి అత్తగారు తమ చేతులతో నాటినవి. అప్పటికవి జానెడు మొక్కలు. "పొట్టిజాతి, మోకాలు దాటదు" అని మొక్కలమ్మినవాడు చెప్పెనట. ఇప్పుడు నాలుగున్నర అడుగుల యెత్తున్నవి. అత్తగారికి నడక తగ్గినది. ప్రొద్దున పూజ ముగిసినది మొదలు వీధిగది కిటికీయొద్ద కుర్చీ వేసికొని, వచ్చువారిని పోవువారిని పలుకరించుచు కాలక్షేపము చేయుచుందురు. ఆ కిటికీకి కుడివైపు పొద అడ్డు వచ్చినది. గాలి లేదు, వీధి కనబడదు. కుమారుడు రెంటిని పెఱికించి బండలు పఱపింతమనును. అవి నా దేవుని పూలు, ముట్టుకొనవద్దని తల్లి యనును. నడుమనున్న కోడలు ఇరువురకును నచ్చునట్లు చేయవలెనని, పనివానిని పిలిచి, పెద్దకత్తెరతో రెండు పొదలను కిటికీగట్టుకు సరిగా బల్లపరుపుగా కత్తిరింపించినారు. నెలకొక మాఱు అట్లే చేయించుచున్నారు. కిటికీ తెఱపియైనది. సంవత్సరమునుండి ఒక్క గుత్తియైనను పూయలేదు. "అత్తయ్యగారు కోపపడినను బాగుండెడిది. ఏమియు ననక అంగడినుండి పూలు తెప్పించుకొనుచున్నారు" అని వ్రాసినారు. కిటికీయు పూలును రెండును దక్కు నుపాయము కలదా యని వారి ప్రశ్న.

కలదు. అయితే ఒక్క నెలలో జరుగు పని కాదు.

ముందుగా ఆ మొక్కలమ్మినవాని మాట. పొట్టిజాతి యనగా పెరుగని జాతి కాదు, మెల్లగా పెరుగు జాతి. పెద్దజాతి నూఱువరహాల కొమ్మ నొకదానిని, పొట్టిజాతి కొమ్మ నొకదానిని ప్రక్కప్రక్కన బెట్టి చూడుడు. రెంటియందును ఆకులు జంటలుగా, ఎదురెదురుగా పుట్టును. పెద్దజాతిలో ఒక జంటకును పైజంటకును నడుమ ఎడము హెచ్చు. పొట్టిజాతిలో ఆకులును చిన్నవి, ఎడమును తక్కువ. అందుచేతనే పొద గుమ్మటమువలె ఒత్తుగా నుండును. పెద్దజాతిని విడిచిపెట్టినచో 10 అడుగులైనను సాగగలదు. పొట్టిజాతి సామాన్యముగా 3, 4 అడుగులయొద్ద నెమ్మదించును. నేల బాగుండి నీరు సమృద్ధిగా దొరకి, సగము నీడ పడినచో ఇంకను లేచును. నీడలో మొక్క వెలుతురుకై మెడ సాచును గదా.

మఱియొక సంగతి గూడ చెప్పవలెను. అంగడిలో చిన్న తొట్టెనిండ గుత్తులతో బంతివలె కనబడు మొక్క, మన యింటికి వచ్చిన యేడాదికి చేతులు బార్లసాచుట తఱుచుగా చూచెదము. మొక్కలు పెంచువారు కొందఱు పాక్లోబ్యూట్రజాల్ వంటి మందు వాడుదురు. కొమ్మను పొడిగించు రసమొకటి మొక్కలో స్వయముగా పుట్టును. ఈ మందు దానిని పుట్టనీయదు. మందు బలము తఱిగినంతనే మొక్క తన సహజమునకు వచ్చును. ఇందులో మోసమున్నదని మే మనము. కాని కొనువారి కీ సంగతి తెలిసియుండవలెను. ఇంట ఆ మందు వాడుమని మాత్రము మేము చెప్పము. అది నేలలో చాలకాలము నిలుచును. ప్రక్కనే కొత్తిమీర పాదుకూడ ఉండు మన పెరళ్లలో దానికి చోటు లేదు.

ఇక పూయకపోవుటకు కారణము. నూఱువరహాల గుత్తి కొమ్మ చివరనే పుట్టును. మల్లెకు వలె ప్రక్క కొనలనుండి కాదు, మందారమునకు వలె ఆకు మొదట ఒంటిగా కాదు. కొత్త చిగురు వేసి, నాలుగైదు జంటల ఆకులు తొడిగి, ముదిరి, అప్పుడు కొనయందు మొగ్గగుత్తి కట్టును. కత్తిరించిన నాటినుండి మఱల పూచుటకు మా పెరటిలో రెండు నెలలు మొదలు మూడు నెలలు పట్టుచున్నది. నెలకొకమాఱు పైనంతయు బల్లపరుపుగా కోసినచో ఏమగును? కొన ముదురునంతలో కత్తెర పడును. ఆ పనివాడు ఆకులను కోయుచున్నానని తలచినాడు గాని, నెలనెలా రాబోవు గుత్తులను కోసినాడు. కంటికి కనబడని మొగ్గలు గనుక ఎవరికిని తెలియలేదు. సోదరీ, మీ అత్తగారికి మాత్రము తెలిసియుండును. పదేండ్లు ఆ పొదనుండి పూలు కోసినవారు వారు.

బల్లపరుపు కోతవలన మఱియొక హాని కలదు. కోసినచోటనెల్ల రెండేసి చిగుళ్లు పుట్టి, పైన దట్టమైన పచ్చని చాపవలె ఏర్పడును. లోపలికి వెలుతురు పోదు. లోపలి ఆకులు రాలిపోవును. చేతితో పైకొమ్మలను విడదీసి చూడుడు. బయట పచ్చదనము, లోన ఎండుకంప! పొద ఎత్తు తగ్గినట్లుండును గాని, నెలకు రెండు వ్రేళ్లు చొప్పున పెరుగుచునే యుండును. ఎప్పటికిని తెగని పని.

మా యింటి సంగతి చెప్పుకొనుటకు సిగ్గుగా నున్నది గాని, చెప్పక తప్పదు. మా తల్లిగారు తమ పెరటి కొమ్మ తెచ్చి మా తులసికోట ప్రక్క నాటిన నూఱువరహాల పొద యొకటి యుండెడిది. ఆమె పోయిన తరువాత దానిని మేము సరిగా చూడలేదు. ఒక వైశాఖమాసమున ఇంట శుభకార్యము తలపెట్టి, చుట్టములు వచ్చునాటికి పెరడు నీటుగా నుండవలెనను తొందరలో, మేమే దగ్గఱ నిలిచి దానిని మోకాలి క్రిందికి కొట్టించితిమి. అంతటితో నూరకొనక, త్వరగా చిగిర్చునని గుప్పెడు యూరియా వేసితిమి. పదేండ్లుగా ఆకుల నీడలోనున్న బెరడు ఒక్కమాటుగా మే నెల యెండకు గుఱియైనది. బెరడు నెఱ్ఱెలు వాసి, కాండములు ఒక్కొక్కటే ఎండిపోయినవి. వానలు పడినపిమ్మట మొదటినుండి ఒకే యొక్క చిగురు వచ్చినది. ఇప్పుడు మా యింటనున్న పొద ఆ చిగురే. ఆ వేసవి తరువాత మేము కత్తెర పట్టుటకు ముందు పంచాంగము చూచుట నేర్చుకొంటిమి. ముహూర్తమునకు గాదు, కార్తెలకు.

కావున సోదరీ, ఈ సంచిక మీ చేతికందునప్పటికి రోహిణికార్తె నడచుచుండును. రోళ్లు పగులు దినములలో పొదను తాకవలదు. చేయవలసినది ఒక్కటే: ఆ నెలనెలా కోతను మాన్పింపుడు. మృగశిర ప్రవేశించి, రెండు మూడు మంచి వానలు పడి, నేల చల్లబడినపిమ్మట పని మొదలుపెట్టుడు. అదియు ఒక్క పొదమీదనే, కిటికీ నడ్డగించుదానిమీదనే. రెండవదానిని ఈ యేడు విడిచిపెట్టుడు. దానికి కత్తెర మానినంతనే వానలతో కొనలు ముదిరి, శ్రావణమాసపు పూజలనాటికి గుత్తులు వేయవచ్చును. కిటికీప్రక్క పొద దసరాలకు గాని తేరుకొనదు. అత్తగారికి ఈ లెక్క ముందే చెప్పుడు. ఈ శ్రావణమునకు ఎడమవైపు పొద, దసరాలకు కుడివైపు పొద అని చెప్పినచో వారు కాదనరని మా నమ్మకము.

కోయు విధము. పెద్దకత్తెరను దాచివేయుడు, ఒంటిచేతితో పట్టు చిన్న తోటకత్తెర చాలును, పదునుగా నుండవలెను. పొద యెదుట పీట వేసికొని కూర్చుండి, ముందు మొదలు చూడుడు. లావుపాటి ముదురు కాండములు, నడిమివి, లేతవి యని మూడు తరములు కనబడును. ముదురువానిలో మూడవవంతును, అనగా తొమ్మిదియున్నచో మూడింటిని, నేలకు ఒక అడుగు ఎత్తున కోయుడు. తక్కినవానిలో కిటికీగట్టును మించినవానిని ఒక్కొక్కటిగా పట్టుకొని, పొద లోపలికి చేయి పోనిచ్చి, వేఱు వేఱు ఎత్తులలో, ఆకుజంటకో దాని మచ్చకో కొంచెము పైన త్రుంపుడు. కోత మొనలు పైకి కనబడరాదు. పని ముగిసినపిమ్మట పొదను చూచినవారు, ఇది చిన్నదయినది అనుకొనవలెను గాని, దీనిని కోసినారు అనుకొనరాదు.

ఇచ్చట తఱుచుగా జరుగు పొఱపాటొకటి. కిటికీగట్టు మూడడుగులయెత్తున నున్నచో, చాలమంది సరిగా మూడడుగులకే కోయుదురు. మొక్క చిగిర్చి, పూయుటకు ముందు కొంతమేర పెరుగవలెను గదా! మనకు కావలసిన యెత్తుకంటె ముప్పాతిక అడుగో, అడుగో తగ్గించి కోసిననే పూలు గట్టుయెత్తునకు వచ్చి నిలుచును. అట్లని మొత్తము పొదలో మూడవవంతుకంటె ఎక్కువ పచ్చదనమును ఒక్కతూరి తీసివేయరాదు. నాలుగున్నర అడుగులనుండి రెండడుగులకు ఒక్క దినమున దింపవలెనను ఆశ వలదు. ఈ యేడు మూడు ముదురు కాండములు, వచ్చు యేడు మూడు, ఆ మీదటి యేడు మిగిలినవి. మూడేండ్లలో పొద యంతయు కొత్తదగును, ఒక్క ఋతువైనను బోడిగా నుండదు.

కోత ఆకారమునుగూర్చి ఒక్క మాట. అడుగు వెడల్పు, పైన సన్నము. పైభాగము గొడుగువలె విప్పారినచో క్రిందికొమ్మలకు ఎండ తగులక కాళ్లు బయటపడును. రోజునకు నాలుగైదు గంటల ఎండయైన లేనిచో ఎంత నేర్పుగా కోసినను గుత్తులు పలుచబడును.

రెండవ పొదను శివరాత్రి వెళ్లిన పిమ్మట, ఎండలు ముదురకముందు, కొంచెముగా సవరింపవచ్చును. అప్పుడు లోతుకోత వలదు, మించిన కొమ్మలు మాత్రమే. అటుపైన ప్రతి యేడును వంతులవారీగా ఒక పొద తొలకరికి, ఒక పొద మాఘఫాల్గుణములకు అనుకొన్నచో, పూజకు పూలు లేని నెల యుండుట అరుదు. వాడిన గుత్తులను తీయుట మాత్రము ఎప్పుడైనను చేయవచ్చును. గుత్తిని మాత్రమే గిల్లక, దానిక్రింది ఆకుజంటతో సహా త్రుంచినచో, ఎత్తు తగ్గించినట్లును అగును, రెండు చిగుళ్లు పుట్టినట్లును అగును. ప్రొద్దున పూజకు పూలు కోయువారే ఇది చేయవచ్చును. ఒక్కొక్క పూవును దులుపుకొనుటకు బదులు గుత్తిని కాడతో కోసికొనిన, కోత పని సగము పూజలోనే తీరిపోవును.

ఈ మొక్క మన దేశపుదే. దక్షిణహిందూదేశమును సింహళమును దీని పుట్టిల్లు, కాఫీమొక్కకు దాయాది. తమిళులు ఇడ్లిపూవందురు, మలయాళులు చెత్తియనియు తెచ్చియనియు పిలుతురు. స్వీడనుదేశపు లిన్నేయసు పండితుడు 1753లో దీని జాతికి ఇక్సోరా యని పేరు పెట్టినాడు. ఈశ్వరశబ్దమే పోర్చుగీసువారి నోట నలిగి అట్లయినదని చెప్పుదురు. మనము పెట్టుకొన్న పేరే మాకు ముద్దు. నాలుగు రేకుల పూవు, క్రింద సన్నని గొట్టము. ఆ గొట్టములోని తేనెను చీకని పిల్లలు గోదావరిజిల్లాలలో నుందురా?

పుట్టిల్లు చెప్పుట ఊరక కాదు. ఈ మొక్కకు కొంచెము పులుపుగల ఎఱ్ఱనేల ఇష్టము, సున్నము గిట్టదు. సోదరి జాబులో "కొత్త ఆకులు కొంచెము పసుపుపచ్చగా నున్నవి" అని ఒక మాట కలదు. గోడకు అడుగు దూరమున నాటిన మొక్క. గోడ సున్నమును, సిమెంటును వానకు కరగి మొదటికే దిగును. కట్టడపు చెత్తకూడ అచ్చటనే పూడ్చియుందురు. నేలలో ఇనుము లేక కాదు, సున్నపు నేలలో వేళ్లు దానిని అందుకొనలేవు. ఈనెలు పచ్చగా నుండి నడిమిభాగము పసుపైనచో, అదియు లేత ఆకులలో మొదలైనచో, ఇదే వ్యాధి. ముదురాకులు ముందుగా పండుచున్నచో అది వేఱు, అప్పుడు ఎరువు చాలలేదని యర్థము. ఇనుపలోపమునకు లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మయుప్పు కలిపి, అప్పటికప్పుడే, సాయంకాలము లేత ఆకులపై చల్లవలెను. పది దినములకొకమాఱుగా రెండు మూడు తడవలు. మెట్లమీద పడినచో తుప్పు మరక విడువదు. ముందుగా పాతగోనె పఱచుకొనుడు. మొదట ఆకుకుళ్లు, బాగుగ మాగిన పేడయెరువు వేసి, పైన ఎండుటాకులు కప్పినచో నేల క్రమముగా దారికి వచ్చును. బోరునీరు ఉప్పనగా నుండు ఊళ్లలో, వాననీరు పట్టి పోసిన నెల్లాళ్లలోనే తేడా కనబడును.

ఈ పసుపురోగమువలన గిడసబాఱిన మొక్కను చూచి, మా మొక్క అదుపులో నున్నదని సంతసించువారు కలరు. నీరు మాన్పి, ఎరువు మాన్పి పొట్టిగా నుంచువారును కలరు. ఆకలితో నున్న బిడ్డ అల్లరి చేయకుండుట వంటిదే అది. ఎత్తు తగ్గించుటకు కత్తెర కలదు, తిండి మాన్పనేల? అట్లని యూరియా గుప్పించినచో ఆకే పెరుగును, పూవు వెనుకబడును. మా కథ చెప్పితిమి గదా.

చీమలు కొమ్మలవెంట బారులు తీర్చుచున్నచో పైన పొలుసుపురుగో, పిండినల్లియో యున్నదని గ్రహింపవలెను. ఆకులమీద మసి పట్టుటయు వానివలననే. లోపలికి గాలి పోవునట్లు కోసిన పొదలో ఇవి తక్కువ. ఉన్నచో వేపనూనెను కుంకుడురసముతో చిలికి నీటిలో కలిపి ఆకుల అడుగున తగులునట్లు చల్లిన చాలును.

తొట్టెలో పెంచువారికి వేఱొక కిటుకు. రెండు మూడేండ్లకొకమాఱు, తొలకరిలోనే, మొక్కను తొట్టెనుండి ఊడదీసి, వేళ్లముద్ద చుట్టును అంగుళముమేర కత్తితో చెక్కి, అదే తొట్టెలో కొత్తమన్ను పోసి నాటవలెను. పైకొమ్మలను గూడ ఆ దినముననే ఆ మేరకు తగ్గించి, వారము దినములు నీడలో నుంచవలెను. పెద్దతొట్టెకు మార్చినచో మొక్కయు పెద్దదగును. ఇందులో దాపరికము లేదు.

కుమారునిమాట మఱచితిమనుకొనవద్దు. గోడకు అడుగు దూరమున నాటుట తప్పే. ఈ జాతికి రెండు రెండున్నర అడుగులైన వదలవలెను. ఒక పొద నిజముగా చచ్చుబడి, కోసినను చిగిర్పనిచో, పెఱికించుటలో దోషము లేదు. కాని పదునొకండేండ్ల వేళ్లున్న పొదను, మూడేండ్ల ఓపికకు లొంగుదానిని, బండలకొఱకు తీసివేయుట మాకు నచ్చలేదు. బండలు వేసవిలో కిటికీలోనికి పంపు వేడినిగూడ ఆ కుమారుడు లెక్కింపవలెను. ఆ కిటికీయొద్ద కూర్చుండువారు ఆయన తల్లిగారు.

ఆ మృగశిర కోతలో తెగిన కొమ్మలను పాఱవేయింపకుడు. పూవుగాని మొగ్గగాని లేనివి, పెన్సిలు లావున పండీపండనివి, ఆరంగుళముల పొడవున పదింటిని ఏఱుడు. క్రింది ఆకులు దులిపి, పై జంటను సగమునకు కత్తిరించి, ఇసుకయు కొబ్బరిపొట్టును కలిపిన చిన్నతొట్టెలో గ్రుచ్చి, నీడన తడియాఱకుండ నుంచుడు. కడియము తోటలలో మొక్కలు సిద్ధము చేయువారును కొమ్మలనుండియే చేయుదురు. పదింటిలో నాలుగు బ్రదికినను మేలే. వేళ్లు పట్టుటకు నెలన్నర, రెండు నెలలు పట్టును. బ్రదికినవానిలో ఒకదానిని ఎనిమిదంగుళముల తొట్టెలో నాటి, కిటికీగట్టుమీద, అత్తగారి చేతికందునంత దూరమున నుంచుడు. దానికి కత్తెర వారే పట్టుకొందురు. దసరాలకు కుడివైపు పొద ఎన్ని గుత్తులు వేసినదో మాకొక కార్డు వ్రాయుడు.